ద్వాదశి పరుగు

పద్నాలుగో భాగం

పోయిన వారం మనం అమృతను నడిరోడ్డు మీద వదిలేసి ఎవరి పనుల్లో వాళ్లం పడ్డాం. ఆమె మాత్రం ఆగలేదు. ఆదోని మార్కెట్ యార్డు దగ్గర తెల్లవారకముందే మొదలైన మారథాన్‌లో ముప్పై కిలోమీటర్ల దాకా నెట్టుకొచ్చి ఇప్పుడు ఎమ్మిగనూరులో అడుగు పెడుతోంది. అక్కణ్నుంచి నందవరం దాకా ఇంకో పన్నెండు మిగిలాయి.

మధ్యలో చదవడం మొదలుపెట్టిన వాళ్ల కోసం సంగతి చెప్పాలి. అన్న ప్రమోద్ ఏడాది కిందట ఇదే పందెంలో, ఎమ్మిగనూరు దాటాక వచ్చే కాలువ వంతెన మీద కుప్పకూలాడు. ప్రాణం దక్కింది కానీ రెండు కిడ్నీలూ పోయాయి. అప్పట్నుంచీ డయాలసిస్‌తో నెట్టుకొస్తున్నాడు. చెల్లెలి కిడ్నీ అతనికి సరిపోతుందని డాక్టర్లు తేల్చారు. అమృత క్షణం ఆలోచించకుండా సరేనంది. అడ్డం పడింది తల్లి సరస్వతీబాయి. ఒక బిడ్డ కోసం ఇంకో బిడ్డను కోతకు ఎట్లా పంపేది అని ఆవిడ ఏడుపు. ఆపరేషన్‌కు ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, మనసారా ఒప్పుకుంటున్నారా అని అడిగే కమిటీ ఒకటి ఉంది. దాని ముందు తల్లి ఇట్లా ఏడిస్తే ఇక ఆ కాగితాలు ముందుకు కదలవు. చివరికి ఆవిడే ఒక షరతు పెట్టింది. అన్న పడిన చోటు దాటి, నందవరంలో గీత దాకా అమృత తన కాళ్ల మీద పరిగెత్తి చూపిస్తే, అది తాము కొలిచే గురుదేవుడు రాయరి ఆజ్ఞ అనుకుని మారు మాట్లాడకుండా సంతకం పెడతానంది.

కాబట్టి అమృత పరిగెడుతున్నది పతకం కోసం కాదు, తల్లి సంతకం కోసం. 

ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. పత్తి లారీలు పోతూ పోతూ రాల్చిన పింజలు రోడ్డు పక్క తుమ్మకంపకు పట్టుకుని ఉన్నాయి. అమృత వాటిని చూస్తూ, ఒక కంప నుంచి ఇంకో కంప దాకా, అక్కణ్నుంచి ఆ పై కంప దాకా అని తనను తాను మభ్యపెట్టుకుంటూ వస్తోంది. బడిలో పిల్లలకు ఆటలు నేర్పే టీచరమ్మ కదా, పిల్లల్ని పరిగెత్తించే మాయమాటలన్నీ ఇప్పుడు తన మీదే వాడుకుంటోంది.

మాయమాటలకు ఒళ్లు లొంగడం లేదు. నాలుక అంగిటికి అతుక్కుపోయింది. వేళ్లు ఉబ్బి, ఉంగరం కండలోకి దిగబడింది. కాసేపటి కిందట ఒక గ్లాసు నీళ్లు గబగబా తాగితే కడుపు ఒప్పుకోలేదు, రోడ్డు పక్కన వంగి మొత్తం కక్కేసింది. అప్పట్నుంచీ నోరు పుక్కిలించి ఉమ్మేస్తోంది తప్ప మింగడం లేదు. తొడలు రాళ్లు కట్టినట్టు బరువెక్కాయి. నడుముకు రెండు పక్కలా ఎవరో గుప్పిటతో పిండుతున్నట్టు ఒక నొప్పి మొదలైంది. దాన్ని ఆమె పట్టించుకోలేదు. ఆమె భయమంతా కుడి మోకాలి గురించే. చిత్రంగా ఆ మోకాలు మాత్రం ఈ ఉదయం నోరెత్తడం లేదు. అమ్మ ఇచ్చిన మాత్రలు భలే పనిచేశాయి అనుకుని మురిసిపోయింది పిచ్చిపిల్ల.

ఊరి మధ్య దాటి, ఇళ్లు పల్చబడే చోట నీళ్ల పందిరి వేశారు. దానికి కాస్త అవతల పెట్రోలు బంకు. దూరంగా, రోడ్డు చివర, కాలువ వంతెన పిట్టగోడ తెల్లగా కనిపిస్తోంది. అమృత దాన్ని చూడగూడదనుకుంటూనే చూసింది. చూపు దించుకునేసరికి పందిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషి కనిపించాడు. ఈ ఎండలో నిండు చేతుల చొక్కా వేసుకునేది ఆమెకు తెలిసినంతలో ఒక్కడే. డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యి ఎవరి కంటా పడకుండా దాచుకునే తన అన్న.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో పడుకుని ఉండాల్సిన మనిషి తనకోసం ఇంత దూరం వచ్చాడని కళ్లు చెమర్చబోయాయి. చెమర్చడానికి ఒంట్లో నీళ్లుంటే కదా.

“అన్నా! నువ్వెప్పుడొచ్చినావు? ఎవరితో వచ్చినావు?”

“ఉచ్చీరప్ప ఆటోలో” అన్నాడు ప్రమోద్. రోడ్డు వారన ఆటోకు ఆనుకుని నిలబడిన ఉచ్చీరప్ప తలూపాడు. వాళ్ల వీధివాడే. ప్రమోద్‌ను ఆసుపత్రికి తీసుకుపోయి తీసుకొచ్చేది అతనే.

ప్రమోద్ నవ్వలేదు. లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, ఉబ్బిన వేళ్లను, దిగబడిన ఉంగరాన్ని చూశాడు. ఆమె చెంప మీద తెల్లగా పేరుకున్న ఉప్పును బొటనవేలితో తుడిచాడు.

“చెమట పోస్తాందా?”

“ఇందాకటి దాంకా పోసింది. ఇప్పుడు ఆరిపోయింది. నీళ్లియ్యన్నా, మొహం మీద చల్లుకుని పోతా. నిలబడితే కాళ్లు బిగుసుకుపోతాయి.”

“అమ్మ నీకు మాత్రలిచ్చిందా?”

ఈ ప్రశ్న ఎక్కణ్నుంచి ఊడిపడిందో ఆమెకు అర్థం కాలేదు. “మోకాలికి ఇచ్చింది. తను వేసుకునేటివే. ఏం?”

“ఎప్పుడిచ్చింది?”

“నిన్న సాయంత్రం ఒకటి. ఈపొద్దు బయలుదేరేటప్పుడు రెండు. రాయరి పటం ముందర పెట్టి, కళ్లకద్దుకుని ఇచ్చింది. నువ్వేంది, పోలీసు లెక్క అడుగుతాండావు?”

“నీళ్లతో మింగినావా?”

అమృతకు నవ్వొచ్చింది. పెదవులు పగిలి ఉండటం వల్ల ఆ నవ్వు నొప్పి పుట్టించింది. “ఏకాదశి నాడు నీళ్లెట్లా తాగుతామన్నా? పొద్దున కూడా పారణ చేసి ఉపవాసం విడవకముందే కదా బయలుదేరినా. ఉత్తగానే మింగినా. మందుకు దోషం లేదు, నీళ్లకే దోషం అని అమ్మ చెప్తాది కదా, నీకు తెల్దా?”

ప్రమోద్ ఆమె చెయ్యి వదిలేశాడు. వెనక్కి తడుముకుని కుర్చీలో కూలబడ్డాడు. ఏడాదిగా పాలిపోయిన ఆ మొహంలో ఇంకా పాలిపోవడానికి రంగు మిగిలి ఉందని అమృత అప్పుడే చూసింది.

“నాకు గూడా అట్లే ఇచ్చింది” అన్నాడు.

“ఏమిచ్చింది?”

“అవే మాత్రలు. అట్లే. ఉత్తగా.”

మైకులో ఎవరో పరుగు వీరులకు స్వాగతం చెబుతున్నారు. ఇద్దరు మగవాళ్లు వచ్చి నీళ్లు తాగి, గ్లాసులు పారేసి పోయారు. అమృత అక్కడే నిలబడిపోయింది.

“నాకు వైరస్ ఏదో సోకిందని ఇంట్లో చెప్పుకున్నాం కదా, అది అబద్ధం పాపా. డాక్టరు మొదటి రోజే చెప్పేసినాడు. ఒళ్లంతా ఎండిపోయి ఉన్నప్పుడు ఆ నొప్పి మాత్రలు వేసుకుంటే కిడ్నీలకు రక్తం అందదంట. దాని మీద ఎండలో అంత దూరం పరిగెత్తితే ఇంక చెప్పేదేముంది? అమ్మకు మోకాళ్ల నొప్పి. తనకు మేలు చేసిన మాత్రే కదా అని బిడ్డకు ఇచ్చింది. నీళ్లతో మింగితే వ్రతం చెడుతుందని ఉత్తగా మింగించింది. ఆమె తప్పేముంది? తెల్దు ఆమెకు.”

“నాయనకు తెలుసా?”

ప్రమోద్ చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు.

“అన్నా, నాయనకు తెలుసా?”

“డాక్టరు చెప్పిందే నాయనకు. ‘తన చేత్తో ఇచ్చిన మాత్రల వల్లేనని తెలిస్తే మీ అమ్మ బతకదురా, నోరెత్తొద్దు’ అన్నాడు. నేను సరే అన్నా. ఆ పైన ఇంట్లో ఎవ్వరమూ ఆ మాట ఎత్తలే.”

తండ్రి భీమసేనరావు ముప్పై ఏళ్లు తెలుగు పంతులుగా పనిచేసినవాడు. నిజం చెప్పమని ఎన్ని వందల మంది పిల్లల చెవులు మెలిపెట్టాడో లెక్కలేదు. ఆ మనిషి ఏడాది పాటు ఇంట్లో కూర్చుని, పూటపూటకూ భార్య మొహం చూస్తూ, కూతురి మొహం చూస్తూ, ఇంత మాట కడుపులో పెట్టుకున్నాడు. అమృతకు అన్న మీదా, తండ్రి మీదా ఒకేసారి ఒళ్లు మండిపోయింది.

“నాకన్నా చెప్పాల్సింది కదా! అమ్మను కాపాడుకుంటామని నన్ను తీసకపోయి అదే రోడ్డు మీద నిలబెడతారా? అదే ఉపవాసం, అవే మాత్రలు! మీ ఇద్దరికీ నేను కనపడలేదా?”

“ఈసారి గూడా పందెం ద్వాదశి నాడే పడిందని నేను చూసుకోలేదు పాపా. నిన్న డయాలసిస్ నుంచి వచ్చి పడుకుంటే ఒంటి మీద తెలివి లేదు. పొద్దున లేచి నా మందుల కోసం దేవుని గూట్లో చూస్తే, పటం ముందర అమ్మ నొప్పి మాత్రల ఖాళీ అట్ట కనపడింది. నాయనకు ఫోన్ చేసినా. నాయన విన్నాడు. ‘సరే’ అని పెట్టేసినాడు. నందవరంలో గీత కాడ అమ్మ పక్కనే ఉంది కదా, ఏం మాట్లాడతాడు? అందుకే నేనే వచ్చినా.” అతను లేచి ఆమె భుజం పట్టుకున్నాడు. “ఆటో ఎక్కు. ఆసుపత్రికి పోదాం. రక్తపరీక్ష చేయిద్దాం.”

ఆమె కదల్లేదు.

“ఎక్కితే?” అంది. “నేను ఈడనే ఆగిపోతే అమ్మ ఏమనుకుంటాది? నువ్వు పడిన చోటు దాటలేక నేనూ నిలబడిపోయినా అనుకుంటాది. రాయరికి ఇష్టం లేదు అనుకుంటాది. ఇంక కమిటీ ముందరికి వస్తాదా? వచ్చినా నోరు తెరుస్తాదా?”

“ఆ కిడ్నీ సంగతి వదిలెయ్.”

“వదిలేసి నిన్నేం చేయమంటావు? పోయిన నెల రెండుసార్లు నీకు ఊపిరాడక అర్ధరాత్రి ఆసుపత్రికి పరిగెత్తుకుంటా పోయినాం. డాక్టరు ఇంక ఆలస్యం చేయొద్దన్నాడు. నేనూ విన్నా.”

“నిజం చెప్పేస్తే అమ్మ ఈ పందెం సంగతి అడగదు. ఈ షరతూ ఉండదు.”

“అయితే చెప్పు. ఇప్పుడే చెప్పు, నా ముందర.”

ప్రమోద్ ఫోన్ తీశాడు. నంబరు నొక్కి, ఆమెకూ వినపడేటట్టు పెట్టాడు. అటుపక్క మొదటి గంట పూర్తిగా మోగకముందే సరస్వతీబాయి ఎత్తింది. వెనక నందవరంలో డప్పులు మోగుతున్నాయి.

“ప్రమోదా! యాడుందిరా బిడ్డ? ఎమ్మిగనూరు కాడికి వచ్చిందా? మీ నాయన ఏమడిగినా పలకడు, బెల్లం కొట్టిన రాయి లెక్క కూర్చున్నాడు.”

“అమ్మా, నీకొక మాట చెప్పాలా...”

“ఆ వంతెన దాటిందా? ముందది చెప్పప్పా. నా గుండె నిన్నట్నుంచీ గుండె లెక్క లేదు. పోయిన సారి నీకు పారణ సరిగా జరగలే, తీర్థం గూడా తీసుకోకుండా పరిగెత్తినావు. అందుకే అట్లాయ. ఆ తప్పు నాదే, నేను చూసుకోలే. ఈసారి నా చేత్తో తీర్థం సీసాలో పోసి నడుముకు కట్టినా. మాత్రలు గూడా నేనే కళ్లకద్దుకుని ఇచ్చినా. ఏమీ కాదు కదరా నా బిడ్డకు? చెప్పు, దాటిందా?”

ప్రమోద్ ఫోన్‌ను నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు. అమృత అతని కళ్లలోకి చూస్తూ నిలబడింది. చెప్పు అన్నా, చెప్పు అని మనసులో తొందరపెట్టింది. అదే మనసు ఇంకో పక్క, ఆ డప్పుల మధ్య, అంతమంది జనం మధ్య, ఆ మాట విని అమ్మ ఎట్లా కూలిపోతుందో కూడా చూసేసింది.

“దాటిందమ్మా” అన్నాడు ప్రమోద్.

అటుపక్క ఒక్కసారిగా ఏడుపు, దాని వెంటే నవ్వు, రాయరి పేరు వినిపించాయి. అతను ఫోన్ కట్టేసి జేబులో పెట్టుకున్నాడు. అన్నాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. ఎదురుగా వంతెన అట్లాగే ఉంది. అమృత ఇంకా దాన్ని దాటలేదు.

ఉచ్చీరప్ప దగ్గరికొచ్చి, “సారూ, ఎండెక్కుతాంది. ఏం సేద్దామో సెప్పండప్పా. ఆటో తిప్పమంటే తిప్పుతా” అన్నాడు.

ప్రమోద్ చెయ్యెత్తి అతన్ని ఆగమన్నాడు. చెల్లెలి వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

“పొద్దుట్నుంచీ ఒంటికి పోయినావా?”

అన్న అడగాల్సిన ప్రశ్న కాదు. ఏడాది ఆసుపత్రి కాపురం ఆ ఇంట్లో అట్లాంటి సిగ్గులన్నీ చెరిపేసింది. “లేదు. రాలేదు” అంది అమృత.

“పోయిరా. ఆ బంకు వెనక గది ఉంది. రంగు చూడు. నాకు ఆపొద్దు కాఫీ డికాషన్ లెక్క వచ్చింది. ఎండకు అట్లయిందేమో అనుకున్నా, దరిద్రుణ్ని. నీకు అట్లుంటే ఇంక ఒక్క అడుగు వేయొద్దు. అమ్మ లేదు, షరతు లేదు, నేరుగా ఆసుపత్రికే. మామూలుగా ఉంటే మాత్రం కొంచెం కొంచెం నీళ్లు తాగుతా, నడుస్తా పో. నేను ఆటోలో పక్కనే వస్తా. నువ్వే చూసి నువ్వే చెప్పాలా. నిన్ను నేను ఎత్తుకుని ఆటోలో వేయలేను పాపా, నాకు ఆ శక్తి లేదు. ఒట్టేస్తావా?”

“ఒట్టన్నా” అంది. ఆ క్షణంలో నిజంగానే అంది.

బంకు వెనక గదికి తలుపు సరిగా పడదు. అమృత ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చెయ్యి గోడకు ఆనించి కూర్చుంది. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత మంటతో, కొద్దిగా వచ్చింది.

చూసింది.

పై కిటికీలోంచి వెలుతురు బాగానే పడుతోంది. అనుమానపడటానికి ఏమీ లేదు. సరస్వతీబాయి పొద్దున్నే ఇత్తడి ఫిల్టరులోంచి దించే మొదటి డికాషన్ ఎట్లా ఉంటుందో, అట్లాగే ఉంది.

అమృతకు భయం వేసింది. పరుగు మొదలైనప్పట్నుంచీ వేసిన భయాలన్నీ కలిపినా ఇంత లేదు. తన ఒంట్లో ఉన్నవి రెండు. వాటిలో ఒకటి తనది కాదు, అన్నకు ఇచ్చేసిందే. దాచి పెట్టమని తన దగ్గర ఉంచుకున్న వస్తువును తానే ఎండలో పడేసి పాడుచేసినట్టయింది. బయటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆటో ఎక్కాలి. అంతే, దీంట్లో ఆలోచించేదేమీ లేదు.

అయినా ఆలోచించింది. ఆటో ఎక్కితే దాటిందన్న అబద్ధం మధ్యాహ్నానికల్లా బయటపడుతుంది. అమ్మ ఎందుకని అడుగుతుంది. ఎవరో ఒకరు చెప్పక తప్పదు. తన చేత్తో ఇద్దరు బిడ్డలకూ అదే పని చేశానని ఆ తల్లికి ఒకే పూటలో తెలుస్తుంది. ఆ తర్వాత సంతకం ఎవరు పెడతారు? అన్నకు ఎన్ని నెలలున్నాయి? మిగిలింది పన్నెండు కిలోమీటర్లలోపే. నీళ్లు తాగుతాను, నెమ్మదిగా పోతాను, గీత దాటిన వెంటనే నేనే ఆసుపత్రికి పోతాను, ఒక్క గంటన్నరకు ఏమవుతుంది అని ఆమె బుద్ధి సర్దిచెప్పింది. దూరం పరిగెత్తేవాళ్ల బుద్ధి అట్లాగే ఉంటుంది. ఒళ్లు మొరపెట్టుకున్న ప్రతిసారీ ఇంకొంచెం అని దాని నోరు మూయడానికే ఏళ్ల తరబడి అలవాటు పడి ఉంటుంది. ఆ అలవాటే ఆమెను ఇంతదూరం తెచ్చింది.

కొళాయి తిప్పి మొత్తం కడిగేసింది. మొహం మీద నీళ్లు చల్లుకుని, తలుపు తీసి ఎండలోకి వచ్చింది.

ప్రమోద్ బంకు దాకా వచ్చేసి నిలబడి ఉన్నాడు. రెండు చేతులతో నీళ్ల సీసా పట్టుకుని ఉన్నాడు. రోజుకు ఇన్ని గ్లాసులే అని కొలిచి తాగాల్సిన మనిషి, ఎదుటివాళ్లను తాగమని బతిమాలడానికి ఆ సీసా తెచ్చాడు.

“ఎట్లుంది?”

“మామూలుగానే ఉందన్నా” అంది అమృత. తన గొంతు అంత నిబ్బరంగా ఎట్లా పలికిందో ఆమెకే తెలియలేదు.

“నిజం?”

“నిజం. కొంచెం పచ్చగా ఉంది, అంతే.”

అతను ఆమె మొహంలో చాలాసేపు వెతికాడు. నమ్మాలని గట్టిగా కోరుకునేవాడికి ఎక్కువసేపు వెతికే ఓపిక ఉండదు. అతని భుజాలు కిందికి జారాయి. ఊపిరి వదిలాడు. చాలా నెలల తర్వాత ఆ మొహంలో నవ్వు కనిపించింది.

“తాగు. కొంచెం కొంచెంగా” అని సీసా ఆమె చేతిలో పెట్టాడు. ఆమె రెండు గుక్కలు మింగి రోడ్డు మీదికి నడిచింది. అతను పక్కనే నాలుగడుగులు వేశాడు.

“నీకొకటి చెప్పాలా పాపా. ఎవరికీ చెప్పలేదు. ఆపొద్దు నాయన నన్ను సరిగ్గా ఈడనే నిలబెట్టినాడు. నా మొహం చూసి, ‘ఒళ్లెట్లుందిరా, మానేస్తావా?’ అని అడిగినాడు. అప్పటికే నాకు నల్లగా పడి అరగంట అయింది, నడుము విరిగిపోతాంది. మామూలుగానే ఉంది నాయనా అని చెప్పి పోయినా. ఆ ఒక్క అబద్ధం చెప్పకుండా ఉండింటే! నల్లగా పడిన వెంటనే ఆగింటే కిడ్నీలు దక్కేవి అన్నాడు డాక్టరు.” అతను ఆగిపోయి, ఆమె వీపు మీద చెయ్యేసి మెల్లగా ముందుకు తోశాడు. “నువ్వు నా లెక్క కాదు. నాకు అబద్ధం చెప్పవు. పో, నేను వెనకనే వస్తాండా.”

అమృత కాలు అప్పటికే ముందుకు పడింది.